స్టార్టర్ ఆపినా మోటారు ఎందుకు ఆగదు? పెద్దపేగు క్యాన్సర్‌లో యాంటీబాడీ మందుల సంగతి

పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిందని తెలిసిన ఇంట్లో నాలుగైదు రోజులకల్లా ఒక ఆశ పుడుతుంది. "టార్గెటెడ్ థెరపీ అని కొత్త ఇంజెక్షన్లు ఉన్నాయట కదా డాక్టర్ గారూ! అప్పు చేసైనా తెస్తాం, మా నాన్నకు అది వేయండి." డాక్టర్ బయాప్సీ రిపోర్టు చూసి "ఈ మందు ఆయనకు పనిచేయదండీ" అంటారు. అడిగిన కొడుక్కి అది మింగుడుపడదు. పక్క మంచంలో ఆయనకు ఇదే జబ్బు, ఇదే స్టేజి, ఆయనకు వేస్తున్నారు. మనకెందుకు వేయరు? డబ్బు కట్టలేమనుకున్నారా? వయసు మీద పడిందని వదిలేశారా?

చాలాసార్లు కారణం ఇవేవీ కావు. రిపోర్టులో ఎక్కడో ఉన్న ఒక చిన్న మాట కారణం. కె-రాస్ మ్యుటేషన్ ఉంది అన్న మాట. దాని అర్థం తెలియకపోవడం వల్ల ఎన్ని ఇళ్లలో అనుమానాలు, బాధ, అనవసరపు అప్పులు పుడుతున్నాయో తలుచుకుంటే కష్టంగా ఉంటుంది. అందుకే ఆ మాట దగ్గరికి కాస్త నిదానంగా వెళ్దాం.

ఆ కొత్త ఇంజెక్షన్లు యాంటీబాడీ మందులే కనుక, ముందు యాంటీబాడీ అంటే ఏమిటో చూద్దాం. ఒంట్లోకి వచ్చిన క్రిములను గుర్తుపట్టి వాటికి అతుక్కునే ప్రొటీన్లను మన శరీరం తయారుచేసుకుంటుంది. అవే యాంటీబాడీలు. వాటి బలమంతా గురిలో ఉంది. ఒక్కో యాంటీబాడీ తన ఆకారానికి సరిపోయే ఒక్క చోట తప్ప ఇంకెక్కడా పట్టుకోదు. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపేశారు. అలా పుట్టిన కణం చావకుండా పెరుగుతూ, మనం కోరుకున్న ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత ఇచ్చింది. 1984లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రోజు మనం వాడే, పేరు చివర 'మాబ్' అని వచ్చే యాంటీబాడీ మందులన్నింటికీ మూలం అక్కడే ఉంది.

ఆ పేర్లు నోరు తిరగకుండా ఉంటాయి గానీ, పాత మందుల పేర్లలో ఒక పద్ధతి ఉంది. చివర 'క్సిమాబ్' అని వస్తే కొంత ఎలుక ప్రొటీన్, కొంత మనిషి ప్రొటీన్ కలిపి చేసింది. 'జుమాబ్' అంటే చాలా వరకు మనిషిది. 'ఉమాబ్' అంటే పూర్తిగా మనిషి ప్రొటీన్‌లాంటిదే. కాబట్టి పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే మందుల్లో సెటుక్సిమాబ్ మిశ్రమం, బెవాసిజుమాబ్ ఎక్కువ భాగం మనిషిది, పానిటుముమాబ్ పూర్తిగా మనిషిది. 2017లో పేర్లు పెట్టే నియమాలు మారాయి కనుక ఆ తర్వాత వచ్చిన మందులకు ఈ లెక్క నప్పదు. ఇంకో సంగతి, ఇవన్నీ ప్రొటీన్లే. మాత్రగా మింగితే పప్పులోని ప్రొటీన్‌లాగే అరిగిపోతాయి. అందుకే నరం ద్వారా సెలైన్‌లో ఎక్కిస్తారు.

ఇప్పుడు కె-రాస్ దగ్గరికి వద్దాం. పొలంలో బోరు మోటారు ఉన్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెట్టెలో స్టార్టర్ ఉంటుంది. పచ్చ బటన్ నొక్కితే లోపల కాంటాక్టులు కలిసి, కరెంటు వెళ్లి, మోటారు తిరుగుతుంది. మన పేగు కణం మీద కూడా అలాంటి పచ్చ బటన్ ఉంది. దాని పేరు ఈజీఎఫ్ఆర్. ఈజీఎఫ్ అనే చిన్న ప్రొటీన్ వచ్చి వేలుతో నొక్కినట్టు దాన్ని తాకితే, లోపల కె-రాస్, ఆ తర్వాత బి-రాఫ్, ఇంకా కొన్ని ప్రొటీన్లు వరసగా మేలుకుని, "విడిపో, రెండవ్వు" అనే కబురును కణం మధ్యలోని కేంద్రకానికి చేరవేస్తాయి. ఈ ఈజీఎఫ్‌ను కనిపెట్టినందుకే స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్‌లో వాటా దక్కింది.

క్యాన్సర్ కణం మీద ఈ బటన్ అదేపనిగా నొక్కుడవుతూ ఉంటుంది. దాని మీద మూత పెట్టేస్తే? 1980ల మొదట్లో అమెరికాలో జాన్ మెండెల్సన్, గోర్డన్ సాటో ఆలోచించింది ఇదే. ఈజీఎఫ్ కూర్చునే చోటులో ముందే కూర్చుండిపోయే యాంటీబాడీని వాళ్లు తయారుచేశారు. అది చాలా మార్పులు చెంది సెటుక్సిమాబ్‌గా 2004 ఫిబ్రవరిలో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి పొందింది. అదే పని చేసే పానిటుముమాబ్ 2006లో వచ్చింది.

మొదట్లో అందరూ ఒక సహజమైన లెక్క వేసుకున్నారు. గడ్డ మీద ఈజీఎఫ్ఆర్ ఎక్కువ ఉంటే మందు బాగా పనిచేస్తుంది, లేకపోతే చేయదు. ముక్క తీసి, రంగు వేసి, ఈజీఎఫ్ఆర్ ఉన్నవాళ్లకే మందు ఇచ్చారు. కానీ ఆ లెక్క తప్పింది. బటన్లు నిండుగా ఉన్న గడ్డ కరగలేదు. ఏమీ కనిపించని గడ్డ కొన్నిసార్లు తగ్గింది. ఎవరికి పనిచేస్తుందో చెప్పే దారి లేక, చాలామందికి ఊరికే ఎక్కించాల్సి వచ్చింది.

జవాబు బటన్ మీద లేదు, దాని వెనక ఉంది. స్టార్టర్ పాతబడితే ఒక్కోసారి లోపలి కాంటాక్టులు కాలి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు మీరు ఎర్ర బటన్ ఎంత నొక్కినా మోటారు ఆగదు. బటన్‌తో సంబంధం లేకుండా కరెంటు వెళ్తూనే ఉంటుంది. కె-రాస్ జన్యువులో మ్యుటేషన్, అంటే మార్పు, వచ్చిందంటే జరిగేది సరిగ్గా ఇదే. ఆ ప్రొటీన్ 'ఆన్' స్థితిలోనే బిగుసుకుపోతుంది. బయట ఈజీఎఫ్ఆర్ మీద ఎంత ఖరీదైన మూత పెట్టినా లోపల కబురు వెళ్తూనే ఉంటుంది.

2008లో దీనికి గట్టి రుజువు వచ్చింది. అప్పటికే కీమోలన్నీ అయిపోయిన రోగుల మీద కెనడా, ఆస్ట్రేలియా డాక్టర్లు చేసిన ఒక పరీక్షలో, దాచిపెట్టిన గడ్డ ముక్కలను మళ్లీ తీసి కె-రాస్ చూశారు. కె-రాస్ మామూలుగా ఉన్నవాళ్లలో సెటుక్సిమాబ్ తీసుకున్నవాళ్ల మధ్యస్థ జీవితకాలం (అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) 9.5 నెలలు, తీసుకోనివాళ్లది 4.8 నెలలు. దాదాపు రెట్టింపు. మ్యుటేషన్ ఉన్నవాళ్లలో? మందుతో 4.5, మందు లేకుండా 4.6. అంటే వాళ్లకు దక్కింది ఒంటినిండా దద్దుర్లు, ఖర్చు, అంతే. 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఈ మ్యుటేషన్ ఉన్నవాళ్లకు వాడొద్దని మందు లేబుల్‌ను మార్చింది. 2013 నాటికి కె-రాస్‌లో ఒక చోటే చూస్తే చాలదని, మిగతా చోట్లతో పాటు దాని తోబుట్టువు ఎన్-రాస్‌ను కూడా చూడాలని తేలింది. అన్నీ కలిపితే ముదిరిన పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఈ మందులు పనికిరావు. పైగా ఆక్సాలిప్లాటిన్ ఉన్న కీమోతో కలిపి పానిటుముమాబ్ ఇచ్చిన పరీక్షలో, మ్యుటేషన్ ఉన్నవాళ్లు ఆ మందు తీసుకోనివాళ్ల కన్నా తక్కువ కాలం బతికారు. "పనిచేయకపోయినా పోయేదేముంది, వేసి చూద్దాం" అనేవాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్పాలి. పోయేది ఉంది.

రాస్ (అంటే కె-రాస్, ఎన్-రాస్ రెండూ) మామూలుగా ఉంటే ఇక నిశ్చింతేనా అంటే, ఇంకో మెలిక ఉంది. గడ్డ పేగుకు ఏ పక్కన ఉంది? కడుపులో బిడ్డగా ఉన్నప్పుడు పెద్దపేగు కుడి భాగం, ఎడమ భాగం వేర్వేరు మూలాల నుంచి తయారవుతాయి. కుడి పక్క భాగం చిన్నపేగుతో కలిసి పుడుతుంది. ఎడమ పక్కది, మలాశయం ఇంకో మూలం నుంచి వస్తాయి. చూడటానికి ఒకే గొట్టం గానీ, అందులో వచ్చే క్యాన్సర్లు రెండు వేర్వేరు జబ్బుల్లా నడుచుకుంటాయి. జపాన్‌లో జరిగిన పారడైమ్ అనే పెద్ద పరీక్షలో రాస్ మామూలుగా ఉన్నవాళ్లను తీసుకుని, కీమోతో పాటు కొందరికి పానిటుముమాబ్, కొందరికి బెవాసిజుమాబ్ ఇచ్చారు. ఎడమ పక్క గడ్డ ఉన్నవాళ్లలో మధ్యస్థ జీవితకాలం పానిటుముమాబ్‌తో 37.9 నెలలు, బెవాసిజుమాబ్‌తో 34.3 నెలలుగా తేలింది. కుడి పక్కవాళ్లలో ఆ లాభం కనిపించలేదు. అందుకే డాక్టర్ స్కాన్‌లో గడ్డ ఎక్కడుందో అంతలా చూస్తారు.

ఈ బెవాసిజుమాబ్ దారి పూర్తిగా వేరు. ఇది క్యాన్సర్ కణాన్ని తాకనే తాకదు. గడ్డ పెరగాలంటే దానికి రక్తం కావాలి, కొత్త రక్తనాళాలు మొలవాలి, వాటిని ఆపితే గడ్డ ఎండిపోతుంది కదా అని 1971లో జూడా ఫోక్‌మన్ అనే సర్జన్ రాశారు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం రక్తనాళాలను మొలిపించే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను వేరుచేసింది. దాన్ని రక్తంలోనే పట్టుకుని కట్టిపడేసే యాంటీబాడీ ఈ బెవాసిజుమాబ్. ఇది కూడా 2004 ఫిబ్రవరిలోనే అనుమతి పొందింది. అప్పటి కీమోకు దీన్ని జోడిస్తే మధ్యస్థ జీవితకాలం 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెరిగింది. రాస్ ఎలా ఉన్నా దీన్ని వాడొచ్చు. కె-రాస్ మ్యుటేషన్ ఉందని కుంగిపోయిన కుటుంబానికి చెప్పాల్సిన మొదటి మాట ఇదే. ఒక తలుపు మూసుకుంది గానీ అన్నీ మూసుకోలేదు.

రక్తనాళాలతో ఆడుకునే మందు కాబట్టి దీని ఇబ్బందులు కూడా అక్కడే వస్తాయి. బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది, రక్తస్రావం కావచ్చు, అరుదుగా పేగుకు చిల్లు పడవచ్చు. గాయం మానడానికి కూడా కొత్త రక్తనాళాలు కావాలి కనుక ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కనీసం నాలుగు వారాల దూరం పాటిస్తారు. ఆపరేషన్ తేదీ మాట్లాడేటప్పుడు చివరి డోసు ఏ రోజు పడిందో సర్జన్ గారికి చెప్పడం ఇంట్లోవాళ్లు మర్చిపోకూడదు.

రెండు మంచి మందులు ఉన్నాయి కదా, రెండూ కలిపి ఇస్తే ఇంకా మంచిది కాదా అని ఎవరికైనా తోస్తుంది. డాక్టర్లకూ తోచింది. నెదర్లాండ్స్‌లో 755 మంది మీద పరీక్షించారు. 2009లో ఫలితం వచ్చింది. కీమో, బెవాసిజుమాబ్‌లకు సెటుక్సిమాబ్ చేరిస్తే జబ్బు అదుపులో ఉండే కాలం 10.7 నెలల నుంచి 9.4 నెలలకు తగ్గింది! పానిటుముమాబ్‌తోనూ అలాగే దెబ్బతింది. కాగితం మీద బాగున్న ఆలోచనను మనుషుల మీద పరీక్షించకుండా నమ్మకూడదని ఈ జబ్బు పదేపదే చూపించింది. గడ్డ తీసేశాక, జబ్బు ఇంకెక్కడికీ పాకని దశలో, మళ్లీ రాకుండా ఈ మందులు ఇస్తే మేలని కూడా అనుకున్నారు. సెటుక్సిమాబ్‌తో చూశారు, బెవాసిజుమాబ్‌తో చూశారు, రెండూ ఓడిపోయాయి. అందుకే మూడో స్టేజిలో ఆపరేషన్ అయినవాళ్లకు చాలావరకు మామూలు కీమోనే ఇస్తారు. అది చిన్నచూపు కాదు.

ఈ మొత్తం కథలో నన్ను బాగా ఆకట్టుకున్న ఘట్టం బి-రాఫ్‌ది. స్టార్టర్ వెనక వైరు వరసలో కె-రాస్ తర్వాత వచ్చేది ఇదే. ముదిరిన పెద్దపేగు క్యాన్సర్లలో నూటికి ఎనిమిది నుంచి పది వరకు బి-రాఫ్‌లో వీ600ఈ అనే మ్యుటేషన్ ఉంటుంది, అది చాలా దూకుడు రకం. ఇదే మ్యుటేషన్ ఉన్న ఒక చర్మ క్యాన్సర్‌లో వెమురాఫెనిబ్ అనే మాత్ర ఇస్తే దాదాపు సగం మందిలో గడ్డలు కరిగాయి. మరి పేగు క్యాన్సర్‌లో? 21 మందికి ఇస్తే ఒక్కరిలో మాత్రమే గడ్డ తగ్గింది. అదే తప్పు, అదే మందు, ఫలితం మాత్రం దాదాపు శూన్యం. కారణాన్ని 2012లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రెనే బెర్నార్డ్స్ ప్రయోగశాలలో అనిరుధ్ ప్రహ్లాద్, ఆయన సహచరులు పట్టుకున్నారు. పేగు కణంలో బి-రాఫ్‌ను ఆపగానే, కింద కబురు తగ్గిందని పసిగట్టి, కణం పైనున్న ఈజీఎఫ్ఆర్‌ను గట్టిగా మేల్కొలుపుతుంది. అంటే మనం వైరు కత్తిరిస్తే, అది ఇంకో వైరు లాక్కుంటుంది. చర్మ క్యాన్సర్ కణం మీద ఈజీఎఫ్ఆర్ తక్కువ, అందుకే అక్కడ ఈ బాధ లేదు.

కారణం తెలిశాక దారి కూడా దొరికింది. లోపల బి-రాఫ్‌ను ఎంకోరాఫెనిబ్ మాత్రతో, బయట ఈజీఎఫ్ఆర్‌ను సెటుక్సిమాబ్‌తో ఒకేసారి ఆపాలి. విడిగా రెండూ పెద్దగా పనిచేయని మందులే, జంటగా పనిచేశాయి. 2020లో ఈ జంటకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ తర్వాత మొదటి చికిత్సగానే కీమోతో కలిపి ఇచ్చిన పరీక్షలో మధ్యస్థ జీవితకాలం 15.1 నెలల నుంచి 30.3 నెలలకు చేరింది. ఒకప్పుడు డాక్టర్లు చెప్పడానికి కూడా జంకిన రకం ఇది. కె-రాస్‌లో జీ12సీ అనే ఒక అరుదైన మ్యుటేషన్‌కు కూడా ఇప్పుడు ఇదే జంట పద్ధతి వచ్చింది. సోటోరాసిబ్ మాత్రతో పానిటుముమాబ్, అడాగ్రాసిబ్ మాత్రతో సెటుక్సిమాబ్. కాబట్టి రిపోర్టులో 'కె-రాస్ పాజిటివ్' అని ఉంటే సరిపోదు, ఏ రకమో కూడా చదవాలి.

ఇక ఇంకో పెద్ద పాయ. డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు పడే అచ్చుతప్పులను దిద్దే ప్రొటీన్లు మన కణాల్లో ఉన్నాయి. అవి చెడిపోతే కణంలో తప్పులు వేలకొద్దీ పేరుకుపోతాయి. దీన్నే రిపోర్టుల్లో ఎంఎస్ఐ హై అనో, డీఎంఎంఆర్ అనో రాస్తారు. ఇంతటి వింత కణాన్ని మన రోగనిరోధక కణాలు ఇట్టే గుర్తుపట్టాలి. గుర్తుపడతాయి కూడా. కానీ వాటికి పీడీ-1 అనే బ్రేకు ఉంది, క్యాన్సర్ ఆ బ్రేకును తొక్కి పట్టి ఉంచుతుంది. ఆ బ్రేకు మీద నుంచి కాలు తీయించే యాంటీబాడీలే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్, డోస్టార్లిమాబ్. ఇవి గడ్డ మీద కాదు, మన సొంత సైన్యం మీద పనిచేస్తాయి. ఇలాంటి బ్రేకులను తీసి క్యాన్సర్‌కు చికిత్స చేయవచ్చని చూపిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది.

మొదటి పరీక్షల్లో 33 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో ఒక్కరికే ఈ రకం మందు పనిచేసింది. అక్కడితో వదిలేసి ఉండొచ్చు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ డాక్టర్లు ఆ ఒక్కరికే ఎందుకు పనిచేసిందని వెంటపడ్డారు. ఆ గడ్డలో దిద్దుబాటు చెడిపోయిందని తేలింది. 2020 నాటికి అలాంటి రోగులకు కీమో కన్నా ముందే పెంబ్రోలిజుమాబ్ ఇవ్వవచ్చని రుజువైంది. జబ్బు అదుపులో ఉండే కాలం కీమోతో 8.2 నెలలు, దీనితో 16.5. 2022లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి ఫలితం ప్రపంచమంతా మాట్లాడుకునేలా చేసింది. పాకని మలాశయ క్యాన్సర్, పైగా డీఎంఎంఆర్ రకం ఉన్న 12 మందికి ఆరు నెలలు డోస్టార్లిమాబ్ మాత్రమే ఇస్తే అందరిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. 2025 నాటికి ఆ సంఖ్య 49 మందికి 49. ఆపరేషన్ లేదు, రేడియేషన్ లేదు, జీవితాంతం పొట్టకు సంచి తగిలించుకునే అవసరం రాలేదు.

ఆ వార్త వాట్సాప్‌లో "క్యాన్సర్‌కు మందు దొరికింది" అని తిరిగింది. చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉంటారు. కానీ నాలుగో స్టేజిలో ఉన్నవాళ్లలో నూటికి నలుగురు, ఐదుగురికి మాత్రమే ఈ రకం ఉంటుంది. మిగతావాళ్లకు ఇదే మందు ఒంటరిగా ఇస్తే దాదాపు ఏమీ చేయదు. అయినా పరీక్ష అందరికీ చేయించాలి, ఎందుకంటే ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. బయాప్సీ ముక్క మీద నాలుగు ప్రొటీన్లకు రంగు వేసి చూస్తారు. ఉన్నవాళ్లలో కొందరికి అది వంశంలో వచ్చే లించ్ సిండ్రోమ్ కావచ్చు. అప్పుడు పిల్లల్లో ఒక్కొక్కరికీ అది సంక్రమించడానికి సగానికి సగం అవకాశం ఉంటుంది కనుక, వాళ్లకు ముందు నుంచే కొలనోస్కోపీలు చేసి కాపాడుకోవచ్చు. ఒకరి రిపోర్టు ఇంటిల్లిపాదికీ పనికొచ్చే సందర్భం ఇది.

రొమ్ము క్యాన్సర్‌లో వినే హెర్-2 అనే ప్రొటీన్ కొద్దిమంది పేగు క్యాన్సర్లలో కూడా అతిగా ఉంటుంది. వాళ్లకు ట్రాస్టుజుమాబ్‌తో టుకాటినిబ్ మాత్రను 2023లో అమెరికా అనుమతించింది.

సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ మొదలైన రెండు మూడు వారాల్లో ముఖం, ఛాతీ, వీపు మీద మొటిమల్లాంటి దద్దుర్లు వస్తాయి. చాలామందికి వస్తాయి. చర్మానికి కూడా ఈజీఎఫ్ఆర్ అవసరం, అందుకే. ఇది మందు పడకపోవడం కాదు. దద్దుర్లు బాగా వచ్చినవాళ్లలో మందు బాగా పనిచేసే అవకాశం ఎక్కువని చాలా పరీక్షల్లో కనిపించింది. ముందు నుంచే మాయిశ్చరైజర్, డాక్టర్ చెబితే డాక్సీసైక్లిన్ వాడితే తీవ్రత తగ్గుతుంది. మొటిమల క్రీములు రాస్తే చర్మం ఎండిపోయి ఇంకా మండుతుంది, రాయొద్దు. మన ఎండల్లో టోపీ, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. రక్తంలో మెగ్నీషియం కూడా పడిపోతుంది కాబట్టి ఆ పరీక్ష మానకూడదు. పీడీ-1 బ్రేకు తీసే ఇమ్యునోథెరపీ మందుల తీరు వేరు. బ్రేకు తీసిన సైన్యం ఒక్కోసారి సొంత థైరాయిడ్ మీద, పేగు మీద, ఊపిరితిత్తుల మీద పడుతుంది. విరేచనాలు, ఆయాసం, విపరీతమైన నీరసం వస్తే తగ్గుతుందిలే అని ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

ధర సంగతి. ఇవి జీవకణాల్లో పెంచి తీసే మందులు కాబట్టి మామూలు మాత్రల్లా చవగ్గా కాపీ చేయడం కుదరదు. ఎంతో దగ్గరగా ఉండే రూపాన్ని తయారుచేసి, అది అలాగే పనిచేస్తుందని చూపించాలి. వాటినే బయోసిమిలర్లు అంటారు. బెవాసిజుమాబ్‌కు హైదరాబాద్ కంపెనీలే ఇలాంటివి తెచ్చాయి. హెటిరో 2016లో సిజుమాబ్ పేరుతో, డాక్టర్ రెడ్డీస్ 2019లో వెర్సావో పేరుతో. డాక్టర్ ఇవి రాస్తే నాసిరకం రాశారని అనుకోనక్కర్లేదు.

చివరిగా ఒక పని. బయాప్సీలోనో ఆపరేషన్‌లోనో తీసిన ముక్కను మైనంలో పొదిగి చిన్న బిళ్లలా ల్యాబ్‌లో దాస్తారు. దాన్ని బ్లాక్ అంటారు. రాస్, బి-రాఫ్, ఎంఎస్ఐ, హెర్-2, అన్నీ దాని మీదే చూస్తారు. ఊరు మారినా, ఆసుపత్రి మారినా చాలామంది ఫైలు, స్కాన్ సీడీలు తీసుకెళ్తారు గానీ బ్లాక్ అడగరు. కొత్త చోట మళ్లీ సూది గుచ్చాల్సి వస్తుంది, వారాలు పోతాయి. సంతకం పెట్టి బ్లాక్, స్లైడ్లు తీసుకుని, ఎండ తగలని చోట జాగ్రత్తగా పెట్టుకోండి. రిపోర్టులు రావడానికి సమయం పడుతుంటే భయపడొద్దు, అవసరమైతే ఈలోగా కీమో మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక రెండో సైకిల్ నుంచో మూడో సైకిల్ నుంచో సరైన యాంటీబాడీని కలుపుతారు.